జోగులమ్మ మొగడు

గద్వాలలో మద్దిలేటిని మద్దిలేటి అని పిలిచేవాళ్లు చివరికి ఎవరూ మిగల్లేదు. జోగులమ్మ మొగడు అంటే కోట వెనక సందుల్లో ఎవరైనా ఇల్లు చూపించేవారు. మద్దిలేటి ఇల్లేది అని అడిగితే మాత్రం "ఏ మద్దిలేటి?" అని ఎదురు అడిగేవారు. మొగుడి పేరు చెప్పుకుని పెళ్లాం బతికే లోకంలో పెళ్లాం పేరు మీద మొగుడు బతకాల్సి రావడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అందులోనూ మద్దిలేటి లాంటి మొగుడికి. పక్కింటి బర్రె గిద్దెడు పాలు ఎక్కువిస్తే తన ఇంట్లో అన్నం సహించని మనిషి అతను.

అతనిది గుర్రాల పని. కురుమల ఇంట పుట్టినా గొర్రెల వెంట పోలేదు. తండ్రి సంస్థానం గుర్రపుశాలలో గడ్డి మోసేవాడు కాబట్టి, కొడుకు అక్కడే ఒక ముసలి సాలోత్రి వెంట తిరిగి గుర్రపు వైద్యం నేర్చుకున్నాడు. డెక్కలు చెక్కడం, నాడాలు కొట్టడం, కడుపునొప్పికి వాము నీళ్లు పట్టించడం, మగగుర్రాల వట్టలు తీసి ఆఖ్తా చేయడం, అన్నీ వచ్చు. వీటిలో ఏదీ అతనికి పేరు తేలేదు. పేరు తెచ్చింది ఇంకో విద్య. ఆఖ్తా అని అమ్మకానికి వచ్చిన గుర్రం నిజంగా ఆఖ్తానా కాదా అని తేల్చి చెప్పడం.

చూస్తే తెలియదా అనొచ్చు. తెలియదు. కొన్ని మగ గుర్రప్పిల్లలకు పుట్టుకతోనే ఒక వట్ట సంచిలోకి దిగదు. గజ్జల్లోనో, ఇంకా పైన కడుపులోనో ఉండిపోతుంది. దిగిన ఒక్కదాన్నే కోసేసి, రెండోవైపు ఉత్త గాటు పెట్టి మాన్పితే, పైకి రెండు మచ్చలు కనబడతాయి, సంచి ఖాళీగా వేలాడుతుంది. కొనేవాడు సాధుజంతువని తోలుకుపోతాడు. లోపల దాగింది మాత్రం ఊరుకోదు. దానివల్ల పిల్లలు పుట్టినా పుట్టకపోయినా, పొగరు మాత్రం గుర్రం ఒంట్లోకి నిండుగా పోస్తుంది. ఆడగుర్రం వాసన తగిలిందంటే ఇక దానికి బండీ లేదు, బండిలో మనుషులూ లేరు. పూర్తి మగగుర్రమైతే మనం జాగ్రత్తగా ఉంటాం. ఇది ఆఖ్తా వేషంలో ఉన్న మగగుర్రం. అదీ ప్రమాదం.

అలాంటిదాన్ని పట్టుకోవాలంటే గజ్జల మడతలో వేళ్లు పెట్టి వెతకాలి. ఆ వెతికే చెయ్యి మద్దిలేటిదని ఐజ నుంచి అమ్రాబాద్ దాకా అనుకునేవారు. ఆ చెయ్యి అతనిది కాదని ఇద్దరికే తెలుసు.

జోగులమ్మది మల్దకల్. తండ్రి కురుమయ్యకు పెద్ద గొర్రెల మంద ఉండేది. మందకు వదలాల్సిన పొట్టేలును ఎంచేటప్పుడు, పిల్లలకు రెండూ దిగాయా లేదా అని తడిమి చూసే పని చిన్నప్పటి నుంచి ఆమెది. ఆ పనిలో ఆమె ఒక్కసారి కూడా తప్పలేదని కురుమయ్య పెళ్లిచూపుల నాడే చెప్పాడు. మద్దిలేటి ఆ మాటను పట్టించుకోలేదు. ఆమె రంగు చూసుకున్నాడు, ఎత్తు చూసుకున్నాడు. చేతుల వైపు చూడలేదు.

పెళ్లయిన రెండో ఏడు ఐజ దిక్కు పటేలు ఒకాయన నల్లగుర్రాన్ని తెచ్చాడు. మద్దిలేటి తడిమి ఏమీ లేదన్నాడు. గుర్రం తాడు పట్టుకుని నిలబడి, సందు చూసుకుని తానూ ఒకసారి తడిమిన జోగులమ్మ, పటేలు పోయాక మెల్లగా అంది.

"ఎడమ గజ్జల ఒకటున్నదయ్యా. జర ఆగి చూడకపోతివి."

"గొర్రెలు కాసినదానివి, గుర్రం సంగతి నీకేం తెలుసే?"

"గొర్రెకైనా గుర్రానికైనా ఉండే తావు ఒక్కటే కదా."

పదిహేను రోజులకు ఆ గుర్రం పలుపు తెంపుకుని, పెరటిగోడ దూకి, పట్వారీ ఆడగుర్రం మీదికి ఎగబడింది. పటేలు దాన్ని మళ్లీ తోలుకొచ్చి నిలబెట్టాడు. మద్దిలేటి పైకి గంభీరంగా "నాకు ఆనాడే అనుమానం తగిలింది" అన్నాడు. పటేలును వీధి అరుగు మీద కూర్చోబెట్టి, పెరట్లో జోగులమ్మ చేత వెతికించి, ఆమె వేలు చూపిన చోట కోసి తీశాడు. పటేలు ఆ చెయ్యిని పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. కోసిన చెయ్యిని. వెతికిన చెయ్యి అప్పటికి పొయ్యి ఊదుతోంది.

అప్పటి నుంచి ఒక ఏర్పాటు కుదిరింది. పరీక్షకు గుర్రం వస్తే, తెల్లవారుజామున జోగులమ్మ నానిన ఉలవలు పెట్టే నెపంతో దాని దగ్గరికి పోయేది. భుజానికి భుజం ఆనించి ఊరికే నిలబడేది. ఉలవలు నములుతూ గుర్రం ఒక వెనక కాలు వదులుచేసి, పెద్దగా ఊపిరి విడిచేదాకా ఆగేది. అప్పుడు అరచెయ్యి పొట్ట కింద మోపి, మెల్లగా వెనక్కి జరిపి, రెండు వేళ్లు గజ్జల మడతలోకి పోనిచ్చేది. భయపడ్డా, చలిపెట్టినా గుర్రం దాన్ని పైకి గుంజుకుంటుందని ఆమె లెక్క. "వాని పానం నిమ్మళమైతే అదే దిగి వేలికి తగుల్తది" అనేది. తర్వాత మొగుడికి ఉన్నదో లేదో చెప్పి, జొన్నరొట్టెలు కొట్టడానికి పోయేది. మధ్యాహ్నం పదిమంది ముందు మద్దిలేటి మోచేతి దాకా అంగీ మడిచి, కళ్లు మూసుకుని, తడిమి, మీసం మీద చెయ్యి వేసుకుని ఫలితం చెప్పేవాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం అంటే ఇదే.

దానం చేసిన అల్లుడు సుఖంగా ఉండాలి. మద్దిలేటి ఉండలేదు. జనం పొగిడిన కొద్దీ కడుపులో మంట రేగేది. "ఏం చెయ్యి అన్నా నీది!" అని ఎవరైనా అంటే ఆ మాట నేరుగా పొయ్యి దగ్గరికి పోయి జోగులమ్మ ఒళ్లో వాలినట్లు అనిపించేది. ఆమె తెల్లారి చెప్పకముందే తనకు తెలియాలని పంతం పట్టాడు. వేళ్లు మొద్దుబారతాయని నాడాలు కొట్టడం మానుకున్నాడు. పొద్దున, మాపున ఆముదం రాసి చేతులు మర్దన చేసుకున్నాడు. గోళ్లు చిగురు దాకా కోసుకున్నాడు. దొంగచాటుగా పోయి గుర్రాలను తడిమేవాడు. ప్రతిసారీ వేళ్లకు కండ, నరం, చర్మం తగిలేవి. ఉండాల్సింది తగిలేది కాదు. ఇంటికొచ్చి ఆమెను అడగకుండా అడిగేవాడు. ఆమె చెప్పేది. ఆ చెప్పడంలో గొప్ప కూడా ఉండేది కాదు, ఉప్పు అయిపోయింది అన్నంత మామూలుగా ఉండేది. అదే అతనికి మరీ మంట. కాస్త మిడిసిపడితే రెండు తిట్లు తిట్టి కడుపు చల్లార్చుకునేవాడు.

చివరికి ఆమె కొట్టే రొట్టె మీద కూడా కుళ్లు పుట్టింది. చందమామలా గుండ్రంగా వస్తుందే, ఆ వేళ్లు చేసే పనే కదా అని. ఒకనాడు దేవుడి ముందు నిలబడి, ఈ ఆడదాని చెయ్యి పడిపోతే నా బతుకు బాగుపడును అనుకున్నాడు కూడా. అనుకుని, తానే ఉలిక్కిపడి చెంపలు వేసుకున్నాడు. వేసుకున్నంత మాత్రాన అనుకున్నది వెనక్కి రాదు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది, మార్గశిరంలో మల్దకల్ తిమ్మప్ప జాతర వచ్చింది. జాతరలో పశువుల సంత, ఒక మూలన గుర్రాలు. మొగుడూపెళ్లాలు ఎప్పటిలాగే మామ కురుమయ్య ఇంట్లో దిగారు. దిగిన రోజే మద్దిలేటి తేల్చి చెప్పాడు.

"ఈ జాతరకు నువ్వు ఉలవలు మొయ్యనక్కరలేదు. నేనే చూసుకుంట."

"సరే" అంది జోగులమ్మ. ఎందుకని అడుగుతుందేమోనని అతను కాసేపు నిలబడి చూశాడు.

ఆ ఏడు బేరానికి వచ్చినవాళ్లలో వనపర్తి టాంగావాడు దశరథం ఉన్నాడు. స్టేషను నుంచి వనపర్తి ఊళ్లోకి మనుషులను చేరవేసే పని అతనిది. ముసలి గుర్రం చచ్చి రెండు నెలలైంది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే గుర్రం కావాలి, అది కూడా సాధుగుర్రం కావాలి. రాయచూరు దిక్కు నుంచి వచ్చిన చెన్నబసప్ప అనే వ్యాపారి దగ్గర ఒక ఎర్రగుర్రం అతని మనసుకు పట్టింది. ఆఖ్తా అన్నాడు చెన్నబసప్ప. మద్దిలేటన్న చూసి చెప్పాలి అన్నాడు దశరథం.

పొగమంచు ఇంకా విడవలేదు. చలికి గుర్రం ఒళ్లు బిగబట్టుకుని ఉంది. చుట్టూ ఇరవై మంది. మద్దిలేటి మచ్చలు చూశాడు, రెండున్నాయి. గజ్జల్లో చెయ్యి పెట్టాడు. ఆముదంతో నానిన ఆ చెయ్యి మెత్తగానే ఉంది గానీ, మనిషి మెత్తగా లేడు. ఈసారైనా నాకు దొరకాలి, ఆమె చెప్పకుండా దొరకాలి అనే పంతంతో వేళ్లు బిరుసెక్కాయి. గుర్రం తొడలు ఇంకా దగ్గరికి లాక్కుంది. కుడివైపు, ఎడమవైపు వెతికాడు. ఏమీ తగల్లేదు.

"సాఫుగున్నది. తోలుకపో" అన్నాడు.

దశరథం అమాయకుడు. మనసులో ఉన్నది నోటికి వచ్చేస్తుంది. ఏ గుర్రపువాడో ఉలవల సంగతి చూసి అతని చెవిన వేసి ఉంటాడు.

"వదినె గూడ ఒకపారి చూస్తే బాగుంటది కదనే" అన్నాడు.

ఇరవై మందీ గొల్లుమన్నారు. నవ్వినవాళ్లలో సగం మందికి ఎందుకు నవ్వారో తెలియదు. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం మన మద్దిలేటి. మొహం కందగడ్డ అయింది.

"పిలువుండ్రి! చూడనియ్యుండ్రి! గుర్రం కాడికి ఆడదాన్ని పిలిచే మొగోళ్లయిండ్రు మీరు!" అని అరిచాడు.

జోగులమ్మ వచ్చింది. తల మీద కొంగు సర్దుకుని గుర్రం భుజానికి ఆనుకుని నిలబడింది. ఎంతసేపు నిలబడిందో, జనం నవ్వడం మానేసి బీడీలు వెలిగించుకున్నారు. గుర్రం వెనక కాలు ఒకటి వదులుచేసింది. ఊపిరి విడిచింది. ఆమె చెయ్యి పొట్ట కింది నుంచి వెనక్కి పోయింది. కుడి గజ్జల్లో రెండు వేళ్లు ఆగిపోయాయి.

ఆ ఆగడం మద్దిలేటికి తెలుసు. పన్నెండేళ్లుగా చాటు నుంచి చూస్తున్న ఆగడం అది. దొరికింది. ఇప్పుడు ఇరవై మంది ముందు ఉన్నదంటుంది, నా బతుకు కుడితిలో పడ్డ ఎలుక అవుతుంది అనుకున్నాడు.

జోగులమ్మ చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. "మా ఆయన మాటే నా మాట" అని చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయింది.

బేరం కుదిరింది. మద్దిలేటికి మెచ్చుకోళ్లు వచ్చాయి. "చూసిండ్రా, మద్దిలేటన్న చెప్పినంక తిరుగుంటదా!" అని భుజం చరిచారు. ఒక్క క్షణం ప్రాణం లేచి వచ్చింది. మరుక్షణమే మంట మొదలైంది. ఇన్నాళ్లూ విద్య ఆమెది, పేరు తనది. ఇవాళ ఆ పేరు కూడా ఆమె ఇస్తేనే మిగిలింది. తన దగ్గర తనదంటూ ఏముందో ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

పొద్దు వాలే వేళకు మామ ఇంటి పెరట్లో ఆమె రొట్టెలు కొడుతుంటే పోయి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఉన్నదా?"

"ఏంది?"

"నాటకాలొద్దు. నీ వేళ్లు ఆగినయి. నేను చూసిన."

జోగులమ్మ రొట్టెను పెనం మీద వేసి, పైన తడిచెయ్యి రాసి, అప్పుడు చెప్పింది. "ఉన్నది. కుడి గజ్జల, బాగ పైన. రేగుపండంత."

"మరి నా మాటే మాట అని ఎందుకంటివి?"

"నలుగురిల నువ్వు లేదన్నంక నేను ఉన్నదంటే, నువ్వు ఇంటికొచ్చి బువ్వ తింటువా?"

"అంటే నాకు బిచ్చమేసినవు."

"బిచ్చమో ఇంకోటో, ఆ కొట్లాట మనం ఇంటికి పోయి పెట్టుకుందాం. టేసను కాడ ఆడగుర్రాలు వరుసగ నిలబడతయి. ఆ టాంగాల ఆడోళ్లు ఎక్కుతరు, సంటిపిల్లలు ఎక్కుతరు. పోయి చెప్పయ్యా దశరథానికి."

"నువ్వే చెప్పు పో. చెయ్యి నీదే కదా."

"నేను చెప్తే నీ పరువు పోతది. నువ్వు చెప్తే పోదు" అంది ఆమె, రొట్టె తిరగేస్తూ.

మద్దిలేటి పోలేదు. ముసుగు తన్ని పడుకున్నాడు. తెల్లారి సంతకు పోతే దశరథం అప్పటికే బయలుదేరాడని తెలిసింది. "మద్దిలేటన్న చెయ్యి పెట్టిన గుర్రం అని కనపడ్డోనికల్ల చూపించుకుంట పోయిండు" అన్నాడు చెన్నబసప్ప మనిషి ఒకడు. ఆ జాతరలో ఒక కట్టుబాటు ఉంది. కొన్న జంతువులో ఐబు, అంటే లోపం, తేలితే అమ్మినవాడు వాపసు తీసుకోవాలి. కానీ కొన్నవాడు కృష్ణ దాటితే బేరం తెగినట్లే, ఆ తర్వాత ఏం తేలినా వాడి ఖర్మ. దశరథం బీచుపల్లి రేవుకు పోతున్నాడు. పడవ ఎక్కాడంటే గుర్రం అతనిదే, దాని పొగరు అతనిదే, రేపు టాంగా బోర్లాపడితే పోయే ప్రాణాల పాపం మాత్రం మద్దిలేటిది.

అతను పరుగులాంటి నడకతో బయలుదేరాడు. సగం పాపభయం, సగం పంతం. రేవులో ఆమె ఉండదు. మళ్లీ తడుముతాను, ఈసారి దొరుకుతుంది, నేనే కనిపెట్టానని చెబుతాను అనుకున్నాడు. ఊరు దాటి వెనక్కి చూస్తే నూరు గజాల దూరంలో జోగులమ్మ వస్తోంది.

"నువ్వెందుకు? పో ఇంటికి!" అని కేకవేశాడు.

ఆమె ఆగింది. అతను నడిస్తే మళ్లీ నడిచింది. బీచుపల్లి దాకా అదే తంతు.

రేవులో జాతర జనం గుంపుగా ఉంది. పశువులను ఎక్కించే పెద్ద పడవ అవతలి ఒడ్డు నుంచి వస్తోంది. దశరథం ఎర్రగుర్రానికి నీళ్లు తాగిస్తున్నాడు. మద్దిలేటి ఒగరుస్తూ చెప్పాడు.

"జర ఆగు తమ్మీ. ఇంకొకపారి చూస్త. నిన్న చలికి సరిగ తెల్వలేదు."

దశరథం తెల్లబోయాడు గానీ తాడు పట్టాడు. మద్దిలేటి చెయ్యి పెట్టాడు. ఎక్కడుందో ఇవాళ తెలుసు. కుడి గజ్జ, బాగా పైన. అయినా దొరకలేదు. నిన్న తనను పొడిచిన చెయ్యిని గుర్రం గుర్తుపట్టి ఒళ్లంతా కట్టెలా బిగించింది. మళ్లీ పెట్టాడు. కాలు విసిరింది. మూడోసారి పెట్టబోతే పళ్లు బయటపెట్టింది. పడవ ఒడ్డుకు తగిలింది.

"నువ్వు లేదంటివి, వదినె లేదన్నది. ఇప్పుడూ నీకు దొరుకుతలేదు. ఇంకేందన్నా పరేషాను?" అని దశరథం గుర్రాన్ని పడవ వైపు మళ్లించాడు.

ఉందని ఊరికే చెబితే చాలదు. చేతికి తగిలేలా చూపించకపోతే చెన్నబసప్ప వాపసు తీసుకోడు. చూపించగల మనిషి అక్కడే, తుమ్మచెట్టు కింద, తల మీద కొంగు కప్పుకుని నిలబడి ఉంది. పిలవకుండా రాదు. నిన్నటిలాగా కోపంతో పిలిచినా లాభం లేదు. పిలిస్తే ఇవాళ్టితో తన పేరు కృష్ణలో కలిసిపోతుంది. ఈ ఆడదానికి దేవుడు ఆ వేళ్లు ఎందుకిచ్చాడు, నాకెందుకు ఇవ్వలేదు అని నిలువునా రగిలిపోయాడు. రగులుతూనే ఉన్నాడు, గుర్రం ముందుకాలు పడవ బల్ల మీద పడింది.

"జోగులమ్మా!" అని పిలిచాడు. పెళ్లాన్ని నలుగురిలో పేరు పెట్టి పిలవడం అతనికి అదే మొదలు. "జోగులమ్మా, రా! నాకు దొరుకుతలేదు. నువ్వు చూడు!"

రేవు రేవంతా తిరిగి చూసింది. ఆమె వచ్చింది. గుర్రాన్ని బల్ల మీది నుంచి దింపించి, ఎండ తగిలే చోట నిలబెట్టించి, మొగుణ్ణి పదడుగులు దూరం పొమ్మంది. "నీ పానం నిమ్మళం లేదు. నువ్వు పక్కనుంటే దాని పానం ఎట్ల నిమ్మళమైతది?" అంది. మద్దిలేటి పోయి ఇసుకలో నిలబడ్డాడు. పడవవాడు తొందర పెట్టాడు. ఆమె వినలేదు. గుర్రం కాలు వదులుచేసింది. ఆమె వేళ్లు ఆగాయి. రెండో చేత్తో దశరథం చెయ్యి పట్టి తెచ్చి అక్కడ ఆనించింది.

"అబ్బో" అన్నాడు దశరథం. అని, తాడు వదిలేసి మద్దిలేటి మీదికి వచ్చాడు. "ఉన్నదాన్ని లేదని ఎట్లంటివన్నా? వదినె గూడ లేదనె కద నిన్న? ఇద్దరు కలిసి నన్ను ముంచుదామనుకున్నరా?"

జోగులమ్మ నోరు తెరవబోయింది. తప్పు తన మీద వేసుకోబోతోందని మద్దిలేటికి అర్థమైంది. మళ్లీ ఇంకో బిచ్చం. అది మాత్రం తట్టుకోలేకపోయాడు.

"ఆమెకు నిన్ననే దొరికింది" అన్నాడు గట్టిగా, పడవలో ఉన్నవాళ్లకు కూడా వినిపించేలా. "నా పరువు పోతదని చెప్పలేదు. నాకు ఇయ్యాళనే కాదు, ఎన్నడూ దొరకలేదు. పన్నెండేండ్ల సంది నేను చెప్పిందంత ఆమె చెప్పిందే. ఐబు గుర్రంల ఉన్నది నిజమే, అంతకన్న పెద్ద ఐబు నాల ఉన్నది."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. మల్దకల్‌కు తిరిగి పోయాక చెన్నబసప్ప తానే తడిమి చూసి, "హౌదు, ఉన్నది. నాకు గూడ తెల్వదు తిమ్మప్పసాక్షి" అని గుర్రాన్ని వాపసు తీసుకుని, దశరథానికి వేరే గుర్రం ఇచ్చాడు. దానికి జోగులమ్మ చెయ్యి పెట్టి సాఫని చెప్పింది. పదిమందిలో, పట్టపగలు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు మద్దిలేటి తాడు పట్టాడు. గుర్రాల వాళ్లు జోగులమ్మ కోసం వచ్చేవారు, అతను ఎదురేగి వాళ్లకు చుట్ట ఇచ్చి కూర్చోబెట్టేవాడు. నిజం ఒప్పుకుంటే కుళ్లు పోతుందని పెద్దలు చెబుతారు. పెద్దలకేం, చెబుతారు. మద్దిలేటికి పోలేదు. ఎవరైనా ఆమెను పొగిడితే "తాడు పట్టుడు గూడ విద్యనే" అని గొణిగేవాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని ఊరివాళ్లు అతన్ని చాటున ఆడిపోసుకునేవారు. అది అతని చెవిన పడేది. ఒక్కటి మాత్రం మారింది. ఆమె వేళ్లు ఆగినప్పుడు అతను కళ్లు తిప్పుకోవడం మానేశాడు. తదేకంగా చూసేవాడు.

పోలీసు యాక్షన్‌కు ముందు ఏడాది, ఎండాకాలంలో, జోగులమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది, మనసు మాత్రం తేటగానే ఉంది. పడిపోయిన ఆ చెయ్యిని చూసిన రోజు మద్దిలేటి ఇంటి వెనక్కి పోయి నోట్లో తువాలు కుక్కుకుని ఏడ్చాడు. దేవుడి ముందు తాను ఏమనుకున్నాడో అతనికి గుర్తుంది. దేవుడు ఆలస్యంగా విన్నాడో, అసలు వినలేదో ఎవరిని అడుగుతాడు? అప్పటి నుంచి రొట్టెలు అతనే కొట్టేవాడు. ఒక్కటీ గుండ్రంగా వచ్చేది కాదు. ముక్కలు తుంచి పాలల్లో నానబెట్టి ఆమె నోట్లో పెట్టేవాడు.

వానలు పడే ముందు ఒకాయన నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి గుర్రాన్ని తోలుకొచ్చాడు. జోగులమ్మ సంగతి తెలియక అంత దూరం వచ్చాడు. తిరిగి పొమ్మని చెప్పబోతుంటే, వసారాలో మంచం మీది నుంచి ఆమె ముద్దమాటగా పిలిచింది.

"ఇటు తే. మంచం కాడికి. నువ్వు పెట్టు చెయ్యి. నేను చెప్త."

గుర్రాన్ని మంచం పక్కకు తెచ్చి నిలబెట్టారు. మద్దిలేటి భుజం ఆనించాడు. "ఆగు" అంది ఆమె. అతను ఆగాడు. "ఇంక ఆగు." ఆమె కళ్లు గుర్రం వెనక కాలి మీదే ఉన్నాయి. అతని కళ్లు ఆమె మొహం మీద ఉన్నాయి. ఆ వేళ అతనికి ఎవరినీ గెలవాలని లేదు. ఆమె అలసిపోకముందే ఇది అయిపోతే చాలు అనుకున్నాడు. "ఇప్పుడు" అంది. అతను అరచెయ్యి పొట్ట కింద మోపి వెనక్కి జరిపాడు. రెండు వేళ్లు మడతలోకి పోయాయి. కండ, నరం, చర్మం. ఆ తర్వాత మెత్తగా, గుండ్రంగా ఒకటి వచ్చి వేలికి తగిలి, జారి, మళ్లీ తగిలింది.

ఇరవై ఏళ్లు ఆముదం రాసి, గోళ్లు కోసుకుని, అన్నం మానుకుని కోరుకున్నది అతని వేళ్ల మధ్య ఉంది. దొరికిందని అరవాలనిపించింది. మంచం మీద జోగులమ్మ నోరు విప్పలేదు. చెయ్యి పెట్టకుండా ఆమెకు ఏమీ తెలిసే వీలు లేదు. అతని మొహం చూస్తూ పడుకుని ఉంది.

"ఏమంటవు?" అన్నాడు గుర్రపాయన.

మద్దిలేటి చెయ్యి తీసి తువాలుకు తుడుచుకున్నాడు. "ఉన్నదంటున్నది జోగులమ్మ. ఎడమ గజ్జల. ఆమె చెప్పినంక ఇంక తిరుగులేదు" అన్నాడు.

ఆ మనిషి రెండు చేతులూ ఎత్తి మంచం వైపు దండం పెట్టాడు. మద్దిలేటి వైపు చూడనైనా లేదు. ఆమె పెదవి ఎడమ పక్క మాత్రం కదిలింది, నవ్విందని మద్దిలేటికి తెలిసింది. కాస్త కడుపు మండింది, మండలేదంటే అబద్ధం. పోయి పాలు వెచ్చబెట్టాడు.